గవర్నరమ్మ ఒడి

ఫోను మళ్ళీ మోగింది.

పొద్దుట్నుంచి మోగుతూనే ఉంది. పునీత లేవలేదు. బాబు నోటికి రాగిజావ అందిస్తూ అలాగే కూర్చుంది. ఎత్తవలసిన మనిషి పక్కనే ఉంది.

అత్తగారు రిసీవరు చెవిన పెట్టుకుని ఒక్క క్షణం విన్నది. అవతలి గొంతు ఒక మాట అనగానే పేరు పెట్టి పిలిచింది. తర్వాత నవ్వింది. ఆవిడ వచ్చిన దగ్గర్నుంచి ఆ నవ్వు పునీతకు అలవాటయింది. ఎవరికైనా అదే నవ్వు. ఇక్కడ సింగపూరు బెడోక్ మార్కెట్లో చేపలవాడికీ అదే, కన్నకొడుక్కీ అదే.

వాళ్ళ భాషలో సాగిన మాటల్లో పునీతకు తెలిసింది ఒక్కటే. ఆంటోనియో. అంటే తన ఒళ్ళో ఉన్న వీడు. తన తల్లి అప్పయ్య అని పిలిచేదీ వీణ్ణే.

"ఎవరు మమ్మీ?" ఇంగ్లీషులో అడిగింది.

"ఒక మేయరు, ఇహా." అమ్మాయీ అన్నట్టు, కోడల్ని ఆవిడ పిలిచే పిలుపది. "జ్ఞానస్నానానికి కొత్త తెల్లచొక్కా కుట్టించుకుంటున్నాడట. భార్యకి ఏ రంగు కుట్టించమంటారని అడుగుతున్నాడు."

"ఇంకా ఎవరెవరికి చెప్పారు?"

"అందరికీ. పన్నెండు ఊళ్ళు, పన్నెండుగురు మేయర్లు. అందరూ బాబుకి జ్ఞానతండ్రులే. ఒక్కణ్ణి వదిలేస్తే వాడు చచ్చేదాకా గుర్తుపెట్టుకుంటాడు."

"ఒక్క పిల్లాడికి అంతమందా?"

"మా వైపు అదేం ఎక్కువ కాదు."

మళ్ళీ ఫోను. మళ్ళీ అదే నవ్వు.

పురింగ్ బాల్తెరో. ఫిలిప్పీన్స్‌లో వాళ్ళ ప్రావిన్సుకు గవర్నరు. ఓట్లతో గెలిచి ఆ ప్రాంతమంతా నడిపే గవర్నరు. వరుసగా మూడుసార్లు గెలిచింది. నాలుగోసారి నిలబడడానికి చట్టం ఒప్పుకోదు. వచ్చే ఏడాది మే నెలలో ఎన్నికలు. కాబట్టి కొడుకు నిలబడాలి. కొడుకు నిలబడాలంటే మేయర్లు వెనక ఉండాలి. మేయర్లు వెనక ఉండాలంటే వాళ్ళు చుట్టాలు కావాలి. చుట్టాలు కావాలంటే ఒక బిడ్డకు చర్చిలో జ్ఞానస్నానం జరగాలి. వాళ్ళందరూ జ్ఞానతండ్రులుగా చుట్టూ నిలబడి ఆ బిడ్డను తాకాలి.

తాకిన తర్వాత వాళ్ళూ, బిడ్డ తండ్రీ అన్నదమ్ముల లెక్క. ఇక పునీత భర్త జూన్ సింగపూరుకి తిరిగి రావడానికి ఉండదు. జూన్ రాకపోతే పునీతకూ, బాబుకూ ఇక్కడ మిగిలేది ఏమీ లేదు.

బాబు చెంచాను తోసేశాడు. జావ పునీత మణికట్టు మీద పడింది. వేడిగానే ఉన్నట్టుంది. కొంగుతో తుడుచుకుంది.

* * *

వంటింట్లో పునీత తల్లి అమ్ములు గిన్నెలు కడుగుతోంది. కడిగినవే మళ్ళీ కడుగుతోంది.

"అమ్మా, నిన్న నువ్వేం చేశావో తెలుసా నీకు?"

"ఏం చేశాను? వియ్యపురాలు మొదటిసారి గడప తొక్కింది. వట్టి చేతులతో పంపాలా?"

"తమలపాకులు ఎందుకిచ్చావు?"

"ఎవరికిస్తాను మరి? మీ నాన్న పోయినాక నాకు ఎవరన్నా ఆకూ వక్కా ఇచ్చారా? పెళ్ళిళ్ళకి పోతే పళ్ళెం నన్ను దాటి పోతుంది. ఆమెకూ మొగుడు లేడు, నాకూ లేడు. మాలో మేమన్నా ఇచ్చుకోవద్దా?"

ఈ మాట పునీతకు కొత్త. తల్లిని దాటి పోయిన పళ్ళేలను తను చూసే ఉంటుంది, కానీ చూసినట్టు గుర్తులేదు.

"సరే. బాబుని ఆమె ఒళ్ళో ఎందుకు పెట్టావు?"

"నాయనమ్మ ఒళ్ళో పెట్టక ఎమ్మార్టీ రైలు సీట్లో పెట్టాలా?"

"పెడుతూ ఏమన్నావు?"

అమ్ములు కుళాయి కట్టేసింది.

"ఇక వీడు నీ బిడ్డ, నీ ఇష్టం అన్నాను. అడా, అది మాట వరసకి అనేదే కదే. మలేషియా పేరాక్‌లో మా అమ్మ ఎస్టేటు కూలీల లైన్లలో ఎంతమందితో అనలేదు? అంతమందీ నన్ను ఎత్తుకుపోయారా?"

"ఈవిడ మాట వరసకి తీసుకోలేదు. రెండు చేతులతో అందుకుని కళ్ళకద్దుకుంది. వెంటనే ఫోను దగ్గరికి పోయింది."

తలుపు తెరిచే ఉంది. గోపాలకృష్ణ చెప్పులు బయట విడిచి లోపలికొచ్చాడు. అమ్ములు తమ్ముడు. ఆంగ్ మో కియోలో ఉంటాడు, టాక్సీ నడుపుతాడు. చేతిలో పరోటా పొట్లం ఉంది.

"అక్కా, మకాన్ అయ్యిందా, తిన్నారా? గవర్నరమ్మకి కూడా తెచ్చాను లా. ఏం మనిషి. మన మంత్రులు కూడా నా టాక్సీ ఎక్కితే పేరడగరు. ఈమె నా పేరు, నా పెళ్ళాం పేరు, నా బీపీ మాత్ర పేరు కూడా అడిగింది."

"కూర్చో మామయ్యా," అంది పునీత. "ఇంకా ఏమడిగింది?"

"ఎయిర్‌పోర్టు నుంచి బెడోక్ దాకా అడుగుతూనే ఉంది. మీవాళ్ళకి పెద్ద పండగేది, మనిషి పోతే ఎన్నాళ్ళు మైల పడతారు, పెద్దవాళ్ళు మాట ఇచ్చేటప్పుడు ఏం చేస్తారు. నేను చెప్పాను. కాగితం మీద సంతకం పెట్టినా మావాళ్ళు తప్పుతారేమో కానీ, తమలపాకులు చేతిలో పెట్టాక తప్పరు అని."

గొప్పగానే చెప్పాడు. చెప్పాక ఇద్దరి ముఖాలూ చూశాడు.

అమ్ములు చేతులు తడిగా అలాగే ఉన్నాయి.

"వక్క సంగతి నేనెత్తలేదురా," అంది మెల్లగా. "ఆమే ఎత్తింది. వాళ్ళ అమ్మమ్మ నమిలేదట. ఆ వాసన చూసి ఎన్నాళ్ళయిందో అని కళ్ళు మూసుకుంది. అప్పుడే నేను టెక్కా బజారుకి పోయి తమలపాకుల కవుళి కట్ట తెచ్చాను."

హాల్లో గవర్నరమ్మ ఎవరినో పేరు పెట్టి పిలుస్తోంది.

"ఇచ్చింది నువ్వే కదక్కా," అన్నాడు గోపాలకృష్ణ.

"చెప్పింది నువ్వే కదరా."

"తిరిగి తీసుకోవచ్చా?" పునీత అడిగింది.

"పసివాణ్ణి ఒళ్ళో పెట్టి ఇచ్చింది తిరిగి తీసుకుంటే అది పసివాడికే తగులుతుంది." అమ్ములు మళ్ళీ కుళాయి తిప్పింది. "నన్నడక్కు. నీ మొగుడికి నోరు లేదా? పోయి వాణ్ణడుగు."

* * *

జూన్ మంచం అంచున కూర్చుని ఉన్నాడు. ఒళ్ళో లాప్‌టాప్. శనివారమైనా వాళ్ళ ఇంటర్నెట్ కంపెనీకి సెలవు లేదు. మొన్న డిసెంబరు ముప్పై ఒకటి రాత్రి, రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నీ ఆగిపోతాయని ఆఫీసులోనే కాపలా పడుకున్నాడు. ఏమీ ఆగలేదు. ఆ తర్వాత పని ఇంకా పెరిగింది. ఏడాది తిరిగేసరికి అందరికీ షేర్లు ఇస్తామని బాసు చెబుతున్నాడు.

"నీకు వెళ్ళాలని ఉందా?"

"లేదు."

"మరి ఆ మాట చెప్పు."

"ఎవరికి?"

"మీ అమ్మకి."

అతను తెర మీద నుంచి కళ్ళు తీయలేదు. అలవాటు కొద్దీ పునీత ఆగింది. జూరాంగ్ ఈస్ట్‌లో కంప్యూటర్ల షాపు కౌంటరు వెనక ఆమె నిలబడినప్పుడు కూడా అంతే, ఏం కావాలో చెప్పడానికి చాలాసేపు పట్టేది అతనికి. అందుకే నచ్చాడు. ఆ కౌంటరుకు వచ్చినవాళ్ళలో తొందరపెట్టనివాడు అతనొక్కడే.

"నేను ఆవిడకి ఎప్పుడూ వద్దని చెప్పలేదు, పునీ. పారిపోయి వచ్చాను. అది చెప్పడం కాదు."

"ఇప్పుడు చెప్పు."

"కొడుకు కాదన్నాడంటే ఆవిడ పని అయిపోతుంది. పన్నెండుగురు మేయర్లూ నవ్వుతారు. సొంత కొడుకే నమ్మలేదంటారు." ఇప్పుడు తలెత్తాడు. "బిడ్డ తల్లి ఒప్పుకోలేదంటే వేరు. పరాయి దేశం అమ్మాయి, పసిబిడ్డ, భయపడింది అంటారు. ఆవిడ మర్యాద ఆవిడకి ఉంటుంది. నువ్వు వద్దను. నువ్వంటే నేను నీ పక్కన నిలబడతాను. నిజంగా."

"అంతా నా మీద పెడుతున్నావు."

"అవును."

అబద్ధం చెప్పడం అతనికి రాదు. చాలాసార్లు అది బాగానే ఉండేది.

"ఎప్పటిలోగా?"

"రేపు సాయంత్రం టికెట్లు కొంటుందట. ఈస్టర్ వెళ్ళగానే జ్ఞానస్నానం."

పునీత కిటికీ దగ్గరికి వెళ్ళి ఆరేసిన గుడ్డలు లోపలికి లాగింది. కొన్ని ఇంకా తడిగా ఉన్నాయి. అన్నీ కలిపి మడతపెట్టేసింది.

"మీ నాన్నగారు ఎలా పోయారు జూన్?"

"పోయారని చెప్పానుగా."

"ఎలా అని చెప్పలేదు."

"నాకు గుర్తులేదు. బాబంత ఉన్నానట అప్పుడు." మళ్ళీ తెర వైపు తిరిగాడు. "అమ్మనడుగు. ఆవిడ అడిగితే చెబుతుంది. ఎవరడిగినా చెబుతుంది."

* * *

మధ్యాహ్నం గవర్నరమ్మ బయట తింటానంది. బాబును బండిలో కూర్చోబెట్టుకుని పునీత ఆవిడను బ్లాకు వెనక తిండి దుకాణాలుండే హాకర్ సెంటరుకు తీసుకెళ్ళింది. జనం కిటకిటలాడుతున్నారు. పునీత ఖాళీ బల్ల మీద టిష్యూ పొట్లం ఒకటి పెట్టి వెళ్ళి, చికెన్ రైస్ రెండు పళ్ళేలు తెచ్చింది. వచ్చేసరికి అత్తగారు ఇంకా నిలబడే ఉంది. ఆ పొట్లం వైపు చూస్తోంది.

"కూర్చోండి మమ్మీ. చోప్ చేశానుగా."

"అంటే?"

"ఈ చోటు మనది అని. పొట్లం పెడితే ఇంకెవరూ కూర్చోరు."

"ఎవరూనా?"

"ఎవరూ."

"ఇంత జనంలో? కాపలా లేకుండా?" ఆవిడ నిజంగానే ఆశ్చర్యపోయింది. "మా దగ్గర మనిషిని కూర్చోబెట్టినా లాగి అవతల పడేస్తారు."

కూర్చుని కొంచెం అన్నం తిన్నది. ఆపైన మామూలు గొంతుతో అంది.

"నేను జూన్‌ని అడిగేది ఇంతే, ఇహా. మూడేళ్ళు ఆ కుర్చీలో ఉంటే చాలు. పని నేను చేసుకుంటాను. తర్వాత చట్టం ప్రకారం మళ్ళీ నేనే నిలబడొచ్చు. వాడు తన కంప్యూటర్ల దగ్గరికి వచ్చేయొచ్చు."

"వస్తాడా?"

"ఎందుకు రాడు?"

"కూర్చున్నవాళ్ళు లేస్తారా మమ్మీ?"

ఎగతాళికి అడగలేదు. తెలియకే అడిగింది. గవర్నరమ్మ చెంచా కింద పెట్టింది. ఆ ముఖంలో నవ్వు లేకపోవడం పునీత మొదటిసారి చూసింది. నవ్వు లేకపోతే ఆ ముఖం జూన్ ముఖంలాగే ఉంది.

"నన్ను కూడా కొన్నాళ్ళకే కూర్చోమన్నారు," అంది. "నీకంటే ఒక ఏడాది పెద్దదాన్ని అప్పుడు. హైస్కూలు మధ్యలో మానిపించి పెళ్ళి చేశారు. నువ్వూ మధ్యలోనే మానేశావట కదా. గోపాల్ చెప్పాడు."

"సెకండరీ త్రీలో. నాన్న పోయాక."

"ఊఁ." మళ్ళీ చెంచా అందుకుంది. "నా భర్త మా ఊరి మేయరు. ఎవరి బిడ్డకో జ్ఞానస్నానమైతే జ్ఞానతండ్రిగా నిలబడ్డాడు. బిడ్డను ఎత్తుకుని చర్చి మెట్లు దిగుతుంటే కాల్చారు. బిడ్డకేం కాలేదు. ఆయన పడుతూ కూడా బిడ్డను వదల్లేదు."

తింటూనే చెప్పింది. పక్క బల్ల దగ్గర ఒక ముసలాయన కాఫీ సాసరులో పోసుకుని ఊదుకుంటున్నాడు.

"విందుకి ఊరందరికీ వండి ఉంచారు. ఆ బిడ్డ తల్లి అంతా పారబోయమంది. నేను వద్దన్నాను. అందరినీ కూర్చోబెట్టి నేనే వడ్డించాను. గౌను మార్చుకోలేదు. జూన్ నా నడుం మీద ఉన్నాడు, ఇదిగో, ఇంత." బండిలో నిద్రపోతున్న బాబును చూపించింది. "వడ్డిస్తుంటే ఒక్కొక్కరూ లేచి, నా పేరు ఫలానా, మీ ఆయన నాకీ మేలు చేశాడు అని చెప్పుకుని ఏడ్చారు. ఆ పేర్లన్నీ నాకు గుర్తుండిపోయాయి. నా రాజకీయం అంతా అదే. కొత్తగా నేర్చుకున్నదేం లేదు."

"ఆ తర్వాత?"

"ఆ సాయంత్రం మామగారొచ్చి, నీ మరిది లా చదువుతున్నాడు, వాడు వచ్చేదాకా మేయరు కుర్చీలో నువ్వు కూర్చో అన్నాడు."

"ఆయన రాలేదా?"

"వచ్చాడు. ప్లీడరయ్యి కొత్త కారులో వచ్చాడు." ఆవిడ ఎముక తీసి పళ్ళెం అంచున పెట్టింది. "నేను లేవలేదు."

మేయరు తర్వాత ప్రావిన్సు బోర్డు మెంబరు. ఆ తర్వాత వైస్ గవర్నరు. ఆ తర్వాత గవర్నరు. ప్రెసిడెంట్లు మారారు, సైన్యం వచ్చింది, పోయింది, తుఫాన్లు ఇళ్ళ కప్పులు ఎత్తుకుపోయాయి. ప్రతి చావుకీ వెళ్ళింది. ప్రతి జ్ఞానస్నానానికీ వెళ్ళింది. ఆ ప్రావిన్సులో తనను జ్ఞానతల్లి అని పిలిచే పిల్లలు ఎంతమంది ఉన్నారో తనకే తెలియదట.

"కాల్పించినవాడు ముసలితనంలో మంచం మీద హాయిగా పోయాడు. వాడి చావుకి కూడా వెళ్ళాను. వాడి కొడుకు ఇప్పుడు గవర్నరుగా నిలబడుతున్నాడు. నేను కుర్చీ ఖాళీ చేస్తే అందులో కూర్చునేది వాడే."

పునీత బాబు మీద దుప్పటి సర్దింది. సర్దవలసిన పనేమీ లేదు.

"బాబుకి కూడా ఆ చర్చిలోనేనా?"

"మా ఊళ్ళో ఉన్నది అదొక్కటే."

భయం వేయాలని పునీతకు తెలుసు. బాబు దగ్గితే పరిగెత్తే మనిషి ఆమె. నిద్రలో వాడి ఊపిరి ఆడుతోందో లేదో వేలు పెట్టి చూసుకునే మనిషి. ఇప్పుడు మాత్రం చేతులూ కాళ్ళూ ఎవరివో అయినట్టున్నాయి. పళ్ళెంలో అన్నం చల్లారిపోయింది. అదే తిన్నది.

"ఇదంతా నాకెందుకు చెప్పారు? చెప్పకపోతే సరిపోయేదిగా."

"దాస్తే రేపు ఇంకెవరో చెబుతారు. అప్పుడు నన్ను వదిలేసి పోతావు." గవర్నరమ్మ ఆ నవ్వు మళ్ళీ నవ్వింది. "నేనే చెబితే పోవు."

* * *

ఆదివారం పొద్దున పునీత స్నానాల గదిలో అద్దం ముందు నిలబడి ఆ మాట అని చూసుకుంది. మేం రావడం లేదు మమ్మీ. బాగానే వచ్చింది. ఇంకోసారి అంది. బయట నుంచి అమ్ములు తలుపు కొట్టింది.

"ఎవరితోనే మాట్లాడుతున్నావు?"

"ఎవరితోనూ లేదు."

"మూడోవాడిని కనక ముందే పిచ్చి పట్టిందా నీకు?"

"నాకు ఒక్కడే అమ్మా."

"అదే చెబుతున్నా."

సాయంత్రందాకా ఆగొద్దు, మధ్యాహ్నమే చెప్పేద్దామని పునీత అనుకుంది. తొమ్మిదికి గవర్నరమ్మ చర్చికి వెళ్ళింది. అక్కడి నుంచి ఆర్చర్డ్ రోడ్డు దగ్గరి పార్కుకు వెళుతుందట. సెలవు దొరికిన ఫిలిప్పీన్స్ పనమ్మాయిలందరూ ఆదివారం అక్కడ చేరతారు. వాళ్ళ ప్రావిన్సు వాళ్ళు కూర్చోవడానికి ఒక చెట్టు ఉంది. బాబును తీసుకుని అక్కడికి రమ్మని జూన్‌తో చెప్పి వెళ్ళింది.

"వెళ్దామా?" అన్నాడు జూన్.

"వెళ్దాం. అక్కడే పక్కకి పిలిచి చెప్పేస్తాను."

జూన్ తల ఊపాడు. రైల్లో ఆమె చెయ్యి పట్టుకుని కూర్చున్నాడు.

చెట్టు కింద అట్టపెట్టెలు విప్పి పరుచుకుని కూర్చున్నారు ఆడవాళ్ళు. నూడుల్స్, వేయించిన చేపలు, ఒక రేడియో. గవర్నరమ్మ వాళ్ళ మధ్య నేల మీదే కూర్చుంది. ఒక్కొక్కరూ వచ్చి ఆవిడ చెయ్యి తీసుకుని నుదుటికి ఆనించుకుంటున్నారు. ఆవిడ ఒక్కొక్కరినీ ఏదో అడుగుతోంది. అడగగానే వాళ్ళ ముఖాలు విప్పారుతున్నాయి. కొందరు కళ్ళు తుడుచుకుంటున్నారు.

"ఏమడుగుతోంది?" పునీత జూన్ చెవిలో అంది.

"మీ అమ్మ మోకాలు ఎలా ఉందని."

"అందరినీనా?"

"అందరినీ."

పునీతకు నవ్వు రాబోయి ఆగింది. పక్కన చేరి కూర్చుంది. కాసేపటికి గవర్నరమ్మ ఆమె వైపు వంగింది.

"ఏమిటి ఇహా, నవ్వుతున్నావు?"

"అందరి అమ్మలకీ మోకాళ్ళ నొప్పులేనా మమ్మీ?"

"వరి నాటిన ఆడదానికి ఏ మోకాలు బాగుంటుంది? నేను కనిపెట్టి అడగడం లేదు. నిజమే అడుగుతున్నాను. ఇంకెవరూ అడగరు వాళ్ళని."

పునీత ఇక నవ్వలేదు.

నీలం చొక్కా అమ్మాయి ఒకతె వచ్చి వంగింది. గవర్నరమ్మ ఆ చెయ్యి పట్టుకుని, చూసి, ఒక్క క్షణం ఆగిపోయింది. పేరు దొరకలేదు. ఎంత ఎండలో ఎంతమందిని చూసిందో. ఆ అమ్మాయి ముఖంలో వెలుగు తగ్గడం పునీత చూసింది.

"లూర్దెస్," అంది పునీత మెల్లగా. "గురువారం మనింటికి నారింజలు తెచ్చింది."

"లూర్దెస్!" అంది గవర్నరమ్మ, ఆ క్షణం ఆగనే లేదన్నట్టు. ఆ అమ్మాయి నవ్వింది. గవర్నరమ్మ పునీత వైపు చూడకుండానే ఆమె మోచెయ్యి నొక్కి వదిలింది.

ఆ తర్వాత ఇంకో ఇద్దరి పేర్లు కూడా అందించింది పునీత. ఎందుకు అందిస్తున్నదో తెలియదు. షాపు కౌంటరు వెనక ఉన్నప్పుడు కూడా అంతే, మనిషి రాగానే పేరు నోటికొచ్చేది.

ఎండ ఎక్కింది. మధ్యాహ్నం దాటుతోంది. చెప్పాలి. పునీత రెండుసార్లు "మమ్మీ" అంది. రెండుసార్లూ ఎవరో ఒకరు వచ్చి నుదురు ఆనించారు. జూన్ బండి పట్టుకుని నిలబడి ఆమెనే చూస్తున్నాడు. చెప్పావా అన్నట్టు కళ్ళెగరేశాడు. లేదన్నట్టు తల ఊపింది.

అప్పుడొచ్చింది డెలియా. జుట్టు సగం నెరిసింది. మిగతావాళ్ళలా గవర్నరమ్మ దగ్గరికి పోలేదు. తిన్నగా బండి దగ్గరికి వచ్చి, అడక్కుండా బాబును ఎత్తుకుంది. వాడి నడినెత్తి వాసన చూసింది. పునీత గబుక్కున లేచింది. ఎవరు ఎత్తుకున్నా ఏడ్చే బాబు ఈసారి ఏడవలేదు.

"నేను ముగ్గురు చైనా పిల్లల్ని పెంచాను," అంది డెలియా. ఇంగ్లీషులో ఒక్కో మాటా ఏరుకుంటూ. "నా కొడుకుని మాత్రం మా అమ్మ పెంచింది. వాడి జ్ఞానతల్లి ఈవిడే. నేను వచ్చేటప్పుడు వీడంత. ఇప్పుడు గడ్డం గీసుకుంటున్నాడట."

"వెళ్ళి చూడలేదా?"

"ఎప్పుడు వెళ్తానన్నా మా పనింటి మేడమ్‌కి ఏదో ఒకటి అడ్డం. ఈసారి చెప్పేశాను. గవర్నరు మనవడి జ్ఞానస్నానం అని చెప్పాను. దానికైతే పంపిస్తానంది. పేపర్లో వస్తుందా అని కూడా అడిగింది." కొంచెం నవ్వింది. వెంటనే ఆ నవ్వు పోయింది. "నిజంగా ఉందా? ఉత్తదేనా?"

"ఈస్టర్ తర్వాతని చెప్పానుగా డెలియా," అంది గవర్నరమ్మ కింద నుంచి.

"మీరు చెబితే నేను నమ్మను." డెలియా ఆవిడ వైపు తిరగనైనా తిరగలేదు. "మీరు అందరికీ అన్నీ చెబుతారు. రోడ్డు వేస్తానని చెప్పలేదూ?"

ఎవరో కిసుక్కున నవ్వారు. గవర్నరమ్మ కూడా నవ్వింది.

"బిడ్డ తల్లివి నువ్వు కదా," అంది డెలియా. "నువ్వు చెప్పు. వస్తున్నారా? నేను టికెట్ కొనుక్కోనా?"

రేడియో పాడుతూనే ఉంది. చెట్టు కింద మాటలు ఆగిపోయాయి. జూన్ ఒక అడుగు ముందుకు వేసి పునీత పక్కన నిలబడ్డాడు. అన్న మాట ప్రకారమే నిలబడ్డాడు.

అద్దం ముందు అనుకున్న మాట పునీత నోట్లోనే ఉంది. డెలియా చెయ్యి బాబు వీపు మీద ఉంది. వేళ్ళు సబ్బుకు ఒరిసిపోయి, గోళ్ళు తెల్లగా ఉన్నాయి. ఆ వేళ్ళు బాబు వీపు మీద చిన్నగా తడుతున్నాయి, ఎవరూ చెప్పకుండానే.

"వస్తున్నాం," అంది పునీత. "కొనుక్కోండి."

తన గొంతు తనకే మామూలుగా వినిపించింది. కౌంటరు వెనక నుంచి ఎవరికో ధర చెప్పినట్టు.

ఎవరో చప్పట్లు కొట్టారు. తర్వాత అందరూ కొట్టారు. లూర్దెస్ లేచి పునీత చెయ్యి అందుకుని నుదుటికి ఆనించుకుంది. పునీత లాక్కోబోయింది, కానీ అప్పటికే ఆనించేసింది. గవర్నరమ్మ కోడలి వైపు చూడలేదు. పక్కకు కొంచెం జరిగి, అట్ట మీద చోటు చేసింది.

"పునీ," అన్నాడు జూన్. అతని గొంతులో కోపం లేదు. చెట్టు కింద ఆడవాళ్ళకు వినపడకుండా అడిగాడు. "ఇప్పుడు నేనేం చెయ్యాలి?"

పునీత బాబు కోసం చేతులు చాచింది.

బాబు ఆ చేతుల వైపు చూసి, డెలియా మెడలో ముఖం దాచుకున్నాడు.